చర్చా వేదికకు కరణం కావలెను

మొన్న రాత్రి మా ఆన్‌లైన్ కోర్సు చర్చా వేదికలో ఒక పెద్దమనిషి "బాగా చెప్పారు" అని రాశారు. ఎవరు చెప్పారో, ఏమి చెప్పారో రాయలేదు. పైన ఎవరూ ఏమీ చెప్పలేదు కూడా. ఆయన కొత్తగా ఒక అంశం తెరిచి, దానికి "జవాబు" అని శీర్షిక పెట్టి, లోపల ఆ రెండు ముక్కలు రాసి, నిద్రపోయారు. తెల్లవారేసరికి దాని కింద ఇరవై మంది దాకా కృతజ్ఞతలు తెలిపారు.

ఆయనను తప్పుపట్టడానికి లేదు. నిబంధన అలాంటిది. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా విద్యార్థులున్న ఈ పన్నెండు వారాల గణాంకశాస్త్రం కోర్సులో ప్రతివారూ వారానికి ఒక సందేశం రాయాలి, మరో ఇద్దరి సందేశాలకు జవాబివ్వాలి. రాయకపోతే మార్కులు పోతాయి. ఏమి రాశారని అడిగే నాథుడు లేడు, లెక్కపెట్టేది యంత్రం కనుక. వెయ్యి మంది చేరారనుకోండి. వారానికి మూడు వేల సందేశాలు, కోర్సు ముగిసేసరికి 36 వేలు. ఒక్కోదానికి అర నిమిషం కేటాయించినా 300 గంటల పఠనం. మరి పాఠం ఎప్పుడు చదువుతారని అడగకండి, మార్కులు పంచే చోట అలాంటి ప్రశ్నలు మర్యాద కాదు. తెర మూలన ఎర్రటి చుక్కలో చదవని సందేశాల సంఖ్య ఉంటుంది చూశారా, 99 దాటగానే అది కూడా విసిగిపోయి పక్కన కూడిక గుర్తు పెట్టి ఊరుకుంటుంది.

ఈ జబ్బు ఈనాటిది కాదు, మందు లేనిదీ కాదు. 2008లో కెనడాలోని మనిటోబా విశ్వవిద్యాలయంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే ఇద్దరు ఒక ఆన్‌లైన్ కోర్సు నడిపారు. రుసుము కట్టినవారు 25 మంది, ఉచితంగా చేరినవారు 2,200 మంది దాకా. ఎక్కడెక్కడ ఏ చర్చ జరిగిందో ఏర్చి కూర్చి రోజూ ఒక లేఖగా పంపేవారు. ఏ ఉత్తరం దేనికి జవాబో చెప్పే గుర్తు 1982 నాటి ఈమెయిలు ప్రమాణంలోనే ఉంది. ఇలాంటి కోర్సులు నడపడానికి వాడే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ రోజంతటి సందేశాలను ఒక్క మెయిలుగా పంపగలదు, రాసినది దిద్దుకోవడానికి మామూలుగా 30 నిమిషాల గడువు కూడా ఇస్తుంది. ఆ గడువు మన పెద్దమనుషులు ఎందుకు వాడుకుంటారు? "బాగా చెప్పారు"లో దిద్దడానికి ఏముంది?

కాబట్టి యంత్రాలను పక్కనపెట్టి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. చర్చా వేదికలకు కరణాలను, అంటే ఒకప్పుడు ఊళ్లో భూముల లెక్కలు రాసినవారి వంటివాళ్లను, వేయాలి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. అందుకు కారణాలు మన పల్లెల్లో వేరే చెప్పనక్కరలేదు, లేని గట్టును ఉన్నట్టు రాయగల సమర్థులు వాళ్లలో ఉండేవారు. కానీ ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కరణానికి తెలుసు. ఈ కోర్సు నడిపేవారికి అదీ తెలియదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక అరుగు మీద కరణంగారు దస్త్రాలు పరుచుకుని కూర్చున్నారని ఊహించుకోండి. ఒక విద్యార్థి చేతులు కట్టుకుని వచ్చాడు.

"కరణంగారూ, నా సందేహం కనబడడం లేదండీ."

"ఏ వారం?"

"మూడో వారమండీ."

"మూడో వారమంటే చాలా పెద్ద గ్రామం బాబూ. సర్వే నంబరు చెప్పు."

"తెలియదండీ. రాత్రి పదకొండు దాటాక రాశాను."

కరణంగారు కళ్లజోడు సవరించుకుని, వేలు తడిచేసుకుని అడంగల్ తిప్పి, హద్దులు చదివారు. "సర్వే నంబరు 212, సబ్‌డివిజన్ 3. తూర్పు: గడువు పొడిగించమని అర్జీ. దక్షిణం: శుభోదయం, గులాబీ బొమ్మతో సహా. పడమర: క్విజ్ జవాబులు ఎవరైనా పంపగలరు. ఉత్తరం: ఈ కోర్సు నుంచి బయటపడడం ఎలా. ఈ నాలుగు హద్దుల మధ్య ఉన్నది నీదేనా?"

"నాదేనండీ!"

"దాని మీద ఆక్రమణదారులున్నారు. 'నాకూ ఇదే సందేహం' అని నలుగురు పాకలు వేసుకున్నారు. ఖాళీ చేయించాలంటే తహసీల్దారుగారికి దరఖాస్తు పెట్టుకో."

దస్త్రాలలో వర్గీకరణ కూడా పక్కాగా ఉంటుంది. శుభోదయాలన్నీ పోరంబోకు. "బాగా చెప్పారు", "ఏకీభవిస్తున్నాను" వగైరా బంజరు. యంత్రం చేత రాయించిన ఒకే పేరాను పదిమంది తమ తమ పేర్లతో అతికిస్తే అది బినామీ పట్టా. పైవారి ప్రకటనలు ఇనాం భూములు, వాటి జోలికి ఎవరూ వెళ్లరు, వాటిలో ఏదీ పండదు. కోర్సు చివర తహసీల్దారుగారు జమాబందీకి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, వస్తారు.

"మొత్తం విస్తీర్ణం?"

"36 వేలండి."

"సాగులో ఉన్నది?"

కరణంగారు తల గోక్కున్నారు. "రెండు సెంట్లుంటుందండి."

"శిస్తు?"

"పూర్తిగా వసూలండి. అందరికీ మార్కులు పడ్డాయి."

"అలాగా! సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

ఆ రెండు సెంట్ల సంగతి చెప్పాలి. మొదటి వారం పరిచయాల్లో పలాస నుంచి ఒక అమ్మాయి, పగలు జీడిపప్పు కార్ఖానాలో పని చేస్తానని, రాత్రి ఫోనులో పాఠాలు వింటానని రాసింది. నాలుగో వారంలో ఒక ప్రశ్న అడిగింది. సగటు తీసేటప్పుడు ఎన్ని అంకెలుంటే అన్నింటితో భాగించాం కదా, అంకెలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే నమూనా క్రమ విచలనానికి మాత్రం ఒకటి తగ్గించి ఎందుకు భాగించాలి? పాఠం విన్న మనిషి అడిగే ప్రశ్న అది. దాని కింద "మంచి ప్రశ్న" అని ఒకరు, "మంచి ప్రశ్న అన్నందుకు ధన్యవాదాలు" అని, ఆ అమ్మాయి కాదు, ఇంకొకరు. రెండు రోజులకు నిర్వాహకుల నుంచి "మీ సందేహం నమోదైంది, దయచేసి పాఠాన్ని మరోసారి చూడండి" అని వచ్చింది. పాఠంలో ఉంటే ఆమె ఎందుకు అడుగుతుంది? ఆ నాలుగు ముక్కలు అతికించిన వేలికి ప్రశ్న చదివే తీరిక లేకపోయిందా?

జవాబు రెండు వాక్యాలు. తేడాలను కొలిచేది అదే నమూనా నుంచి తీసిన సగటుతో గనుక వాటి వర్గాల మొత్తం ఉండవలసిన దానికన్నా తక్కువ వస్తుంది. ఆ లోటు పూడ్చడానికే భాజకంలో ఒకటి తగ్గిస్తాం. నేను ఇదే రాశాను, శుభోదయాల కింద పడి మర్నాటికి మూడో పేజీకి పోయింది. ఆరో వారానికి ఆ అమ్మాయి కూడా ఎవరి సందేశం కిందనో "బాగా చెప్పారు" అని రాయడం నేర్చుకుంది.

ఇది చదువు చెప్పడం కాదు, చదువుకోవాలని వచ్చినవాళ్ల నోరు నొక్కడం. పగలంతా కార్ఖానాలో కష్టపడిన పిల్ల రాత్రి నిద్ర మానుకుని ఒక ప్రశ్న అడిగితే, దానిని చెత్తలో నుంచి పైకి తీసి ఎదుట పెట్టడానికి ఒక్క మనిషిని పెట్టలేకపోయారు. మనుషులు లేరా? శ్రీకాకుళంలో, విజయనగరంలో ఎమ్మెస్సీ చేసి, పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బతుకుతున్నవారు వీధికొకరున్నారు. రోజుకు గంట కూర్చుని సందేశాలు చదవమని, జవాబు రాయమని అడిగితే సంతోషంగా చేస్తారు. కాకపోతే డబ్బివ్వాలి. డబ్బు దగ్గర నిర్వాహకులు ఎంత చురుకో అందరికీ తెలుసు. రుసుము కట్టిన నిమిషంలోపే, నంబరుతో, తేదీతో, ముద్రతో సహా రసీదు వచ్చింది.