సిమిలారిటీ పర్సెంటేజీ గారికి నయీంనగర్ డీటీపీ ఆపరేటర్ రాయునది

గౌరవనీయులైన పర్సెంటేజీ గారికి,

హన్మకొండ నయీంనగర్‌లో చిన్న డీటీపీ సెంటర్ నడుపుకునే నేను నమస్కరించి రాయునది. థీసిస్‌లో ఎంత భాగం వేరేవాళ్ల రాతలతో కలిసిందో సాఫ్ట్‌వేర్ తేల్చే నూటికి ఇంత అనే లెక్కే మీరు. మీరు క్షేమమని నాకు తెలుసు. మీ రిపోర్టులకు కలర్ ప్రింట్లు తీసేది నేనే కాబట్టి రోజుకొక్కసారైనా మీ దర్శనం అవుతుంది, పసుపు కుంకుమ చల్లిన శుభలేఖలాగా పేజీ నిండా రంగులతో.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకుంటాను. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయినవాణ్ణి. కానీ ఇరవై ఏళ్లుగా పీహెచ్‌డీ థీసిస్‌లు టైప్ చేసి, రెగ్జిన్ అట్ట వేసి, దాని మీద బంగారు అక్షరాలు కొట్టి ఇస్తున్నాను. కెమిస్ట్రీ, లా, తెలుగు, హిస్టరీ, బాటనీ, కామర్స్, ఏది వచ్చినా కాదనను. ఒక థీసిస్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివినవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారని లెక్క తీస్తే రాసినవాళ్లు ఒకరు, టైపు కొట్టిన నేను ఒకణ్ణి. గైడు గారి సంగతి నేను మాట్లాడను, ఆయన నా పాత గిరాకీ.

2018లో యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ కాపీని పట్టే నిబంధనలు తెచ్చిన దగ్గర్నుంచి మా గల్లీలో మాటలే మారిపోయాయి. మీరు 10 లోపు ఉంటే ఏ గొడవా లేదు. 10 దాటి 40 లోపు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 60 లోపు ఉంటే ఏడాది దాకా మళ్లీ ఇచ్చే వీలు లేదు. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అంతకుముందు స్కాలర్లు షాపు మెట్లు ఎక్కుతూ "అన్నా, ఎన్ని పేజీలైనయి?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "అన్నా, ఎంతొచ్చింది?" అంటున్నారు, షుగర్ టెస్టు రిపోర్టు కోసం ల్యాబ్ ముందు నిలబడ్డట్టు, అదే టెన్షన్, అదే ముఖం.

మీరు ఊరికే వచ్చారని అననండీ. మీరు రాకముందు ఒకాయన పెన్‌డ్రైవ్‌లో వేరేవాళ్ల థీసిస్ తెచ్చి, వరంగల్ అని ఉన్న చోటల్లా కరీంనగర్ అని మార్చెయ్యమన్నాడు. మార్చేశాను. ఒక్క బటన్ దెబ్బకి వరంగల్ కోట కాస్తా కరీంనగర్‌కు తరలిపోయింది, ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఆ పాపంలో నా వాటా నాకుంది.

నాకు మీతో పేచీ ఎక్కడంటే, అన్ని సబ్జెక్టులకూ మీరు ఒకటే లెక్క పట్టుకొని కూర్చోవడం దగ్గర. మా ఎనుమాముల మార్కెట్లో పత్తికీ మిర్చికీ కాంటా ఒకటే కావచ్చు, కానీ ధర కట్టేటప్పుడు పత్తిలో తేమ చూస్తారు, మిర్చిలో తాలు చూస్తారు. మిర్చి బస్తాలో తేమ మీటరు గుచ్చి పత్తి ధర చెప్పే వ్యాపారిని రైతు ఏమంటాడో మీకు తెలియదు. చెబుదామంటే ఆ మాటలు ఉత్తరంలో రాసేవి కావు.

లా చదివే ఒక చెల్లె మొన్న రాత్రి పదకొండు గంటలకు షట్టరు సగం దించాక వచ్చింది. ఏటూరునాగారం వైపు ఏజెన్సీ భూముల మీద థీసిస్. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే వన్ ఆఫ్ సెవెంటీ చట్టం, గిరిజన ప్రాంతాల్లోని భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, ఇవన్నీ ఉన్నాయి. మీరు 38 అన్నారు. రిపోర్టు తిరగేస్తే ఎర్రగా ఉన్నవన్నీ తీర్పులోని మాటలు, చట్టంలోని సెక్షన్లు. ఆ పిల్ల రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 దగ్గర వేలు పెట్టి, "అన్నా, దీన్ని నా సొంత మాటల్ల రాస్తే కోర్టు ఒప్పుకుంటదా?" అని అడిగింది. ఇద్దరం కూర్చొని లెక్కపెట్టాం. ఇంగ్లీషులో సరిగ్గా 18 మాటలు. వరసగా 14 మాటల దాకా కలిస్తే లెక్కలోకి తీసుకోవద్దని ఆ 2018 నిబంధనల్లోనే ఉంది, చట్టాలనూ లెక్కలోంచి తీసెయ్యమనీ ఉంది. కానీ తీసేసేది మీరు కాదు. ఒక మనిషి కూర్చొని ఏది చట్టమో ఏది చోరీయో ఒక్కొక్కటి చూసి తీయాలి, ఆ మనిషి టేబుల్ మీద ఇంకో బొత్తి ఎదురుచూస్తూ ఉంటుంది. అందుకని 38 అట్లాగే ఉండిపోయింది.

దాన్ని తగ్గించాలని ఎవరో స్నేహితులు చెప్పిన ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరా పెట్టి తిరగరాయించింది. రాజ్యాంగంలో ‘ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా’ అని ఉన్నచోట అది ‘డ్యూ ప్రాసెస్’ అని పెట్టింది. నాకు రెండూ ఒకటే అనిపించింది, బాగానే ఉంది కదా చెల్లె అన్నాను కూడా. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. రాజ్యాంగ సభ పెద్దలు అమెరికా వాళ్ల డ్యూ ప్రాసెస్ మాట తీసేసి, కావాలని ఈ మాట పెట్టుకున్నారట. ఇది చట్టంలో రాసిన పద్ధతి, అది ఆ పద్ధతి న్యాయంగా ఉందా అని కూడా చూసేదట, ఆ రెంటికీ తేడా మీద వకీళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకున్నారట. కానీ రిపోర్టులో మాత్రం ఆ పేరా ఎరుపు పోయి తెల్లగా మెరిసింది. మీ లెక్కలో తప్పు రాసిన పేరా పాస్, ఉన్నదున్నట్టు రాసిన పేరా ఫెయిల్.

కెమిస్ట్రీ పిల్లల కథ ఇంకో రకం. నానో కణాల మీద పనిచేసే ప్రతి థీసిస్‌లోనూ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ దగ్గర ఒక వాక్యం వస్తుంది, కాపర్ కె-ఆల్ఫా రేడియేషన్, వేవ్‌లెంగ్త్ 1.5406 ఆంగ్‌స్ట్రామ్. నేను కళ్లు మూసుకొని కొట్టగలను. మీరు ప్రతిసారీ దాని మీద ఎర్ర గీత గీస్తారు. రాగి ఒకటే, దాని వేవ్‌లెంగ్త్ ఒకటే అయినప్పుడు ఈ పిల్లాడు దాన్ని 1.6 అని రాసి మీకు కొత్తదనం చూపించాలా? పక్కవాడు చేసినట్టే చేశానని చెప్పడమే ఆ శాస్త్రంలో నిజాయితీ అని ఒక ప్రొఫెసర్ గారు నాకు చాయ్ తాగుతూ చెప్పారు. (ఆయన శిష్యులు ఈ పదేళ్లలో వేప, తులసి, కానుగ, జామ అని ఒక్కో చెట్టు ఆకు రసంతో వెండి కణాలు చేశారు. హన్మకొండ చుట్టుపక్కల రసం తీయని చెట్టు మిగిలి ఉంటే అది మొండి చెట్టే అయ్యుంటుంది. ఆ సంగతి మాత్రం మీకు కనిపించదు, మాటలు మార్చి రాసుకుంటారు కాబట్టి మీరు 6 అంటారు.)

ఈ మాటలు మార్చే పిచ్చి మా ఊళ్లోనే కాదు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన పేపర్లలోంచి ఇట్లాంటివి ఏరి, వాటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అని పేరు పెట్టారు, అంటే చిత్రహింస పెట్టిన మాటలన్నమాట. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వాళ్లకు ‘కౌంటర్‌ఫిట్ కాన్షియస్‌నెస్’గా దొరికింది, మన భాషలో దొంగ స్పృహ. బ్రెస్ట్ క్యాన్సర్ ‘బోసమ్ పెరిల్’ అయింది, రొమ్ము గండం. బిగ్ డేటా ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’. మీరు తక్కువ రావాలని క్యాన్సర్‌ను గండం చేసినవాళ్లు మీ భక్తులే కదా, వాళ్ల పుణ్యం ఎవరి ఖాతాలో వేసుకున్నారు?

హిస్టరీవాళ్ల గురించి ఎక్కువ చెప్పను. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. ఒక అబ్బాయి దాని ఇంగ్లీషు అనువాదం థీసిస్‌లో పెట్టుకుంటే, మీరు మూలం అన్న చోట ఎవరో విద్యార్థి ఇచ్చిన అసైన్‌మెంట్ చూపించారు. రుద్రదేవుడు ఆ విద్యార్థి దగ్గర కాపీ కొట్టాడని తేల్చినందుకు మా ఓరుగల్లు తరఫున ధన్యవాదాలు.

ఇక అసలు సంగతికి వస్తాను, ఈ ఉత్తరం దీనికోసమే.

2006లో ఒక స్కాలర్ కొమురవెల్లి మల్లన్న ఒగ్గుకథ మీద థీసిస్ తెచ్చాడు. రాత్రుళ్లు ఒగ్గు పూజారుల పక్కన కూర్చొని టేపుల్లో ఎక్కించుకొని, ఆ టేపులు ముందుకూ వెనక్కూ తిప్పి చేత్తో రాసుకున్నవి, చెమట మరకలతో సహా. శివరాత్రికి అక్కడ నేల మీద రంగుల పొడులతో వేసే పెద్దపట్నం అనే ముగ్గు గురించి ఒక అధ్యాయం ఉంది. నేను అప్పటికి కొత్త, భాష మీద గర్వం కూడా ఉండేది. పట్నం అంటే పట్టణం అని రాయాలి, పాపం ఈయనకు రాలేదనుకొని, అధ్యాయమంతా ‘పెద్దపట్టణం’ అని సరిచేసి పెట్టాను. ఆయనా చూసుకోలేదు, బంగారు అక్షరాలు కొట్టేశాం.

నాలుగేళ్ల కింద ఇంకొకాయన చేతిరాత కట్ట తెచ్చాడు, పాత డీటీపీ ఫాంట్‌లోనే కొట్టాలన్నాడు. పదో పేజీ దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. పెద్దపట్టణం. తిరగేస్తే నా అచ్చుతప్పులన్నీ వరసగా, పెంచుకున్న పిల్లల్లా పలకరించాయి. అందులో ఆయన సొంతంగా రాసింది ఒక్క పేరానే: "పెద్దపట్టణం ప్రస్తావన వల్ల ఒగ్గుకథలో నాటి పట్టణ జీవనం ప్రతిబింబించిందని తెలుస్తోంది."

మీకు పంపించారు. మీరు సున్నా అన్నారు. లైబ్రరీలో ఉన్న పాతదాన్ని స్కాన్ చేసి ఫొటోలుగా పెట్టారు, ఆ ఫొటోలను మీరు చదవలేదు. కొత్తదేమో యూనికోడ్ రాకముందటి ఫాంటు, పైకి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు. అందుకని నూరు పైసలూ కాపీ కొట్టినాయనకు సున్నా, రాజ్యాంగం మాట రాజ్యాంగంలో ఉన్నట్టే రాసిన పిల్లకు 38. ఆయన నాకు కిలో బాలుషాహీ తెచ్చిచ్చాడు. తిన్నాను.

మొన్న సోమవారం మూడో ఆయన వచ్చాడు. జిల్లా మారింది, కట్ట అదే. ఈసారి యూనికోడ్‌లోనే కొట్టమన్నాడు, రూల్స్ మారాయట. పెద్దపట్టణం దగ్గరకు రాగానే సరిచేద్దామని చెయ్యి వెళ్లింది, ఇరవై ఏళ్ల తప్పు కదా. మళ్లీ ఆగాను. దాన్ని కూడా దిద్దేస్తే ఈ థీసిస్ ఎక్కడిదో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. అట్లాగే వదిలేశాను.

ఇట్లు,
మీ కలర్ ప్రింట్లు తీసేవాడు,
నయీంనగర్, హన్మకొండ

తా.క.: లా చెల్లె ఆ పేరాను మళ్లీ రాజ్యాంగంలో ఉన్నట్టే పెట్టించుకొని వెళ్లింది. ఆమె ప్రింట్లకు డబ్బులు తీసుకోలేదు. ఆ లెక్క మీ ఖాతాలో రాశాను.