కల్పిత సైన్యానికీ దాణా కావాలి

హైదరాబాద్ గ్రాఫిక్స్ స్టూడియోలు లేని రాజ్యాలను సృష్టించి, వాటి కోసం వేల గుర్రాలను దుమ్ము రేగేలా పరుగెత్తిస్తున్నాయి. కల్పనను తప్పుపట్టనక్కరలేదు. కానీ ఆ గుర్రాలకు ఉలవలు ఎవరు నానబెడుతున్నారు? ఒక్కో గుర్రం రోజుకు 30 లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. నూరు గుర్రాల దళం మజిలీ చేసిన ఊళ్లో చెరువు ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వేసుకోని కథలో సైన్యం ఉండదు, గుంపు ఉంటుంది.

గుర్రం మీద రణరంగానికి చేరి, దిగి, తుపాకీతో పోరాడే అశ్వపదాతి దళాన్నే తీసుకుందాం. దిగిన వెంటనే గుర్రాలను ఎవరో పట్టుకోవాలి. అందుకే సాధారణంగా నలుగురిలో ఒకరు కళ్లాలు పట్టుకుని వెనక ఉండిపోయేవారు. నూరుమంది దిగితే కాల్పులు జరిపేది 75 మందే. మిగిలిన 25 మంది మీద శత్రువు విరుచుకుపడితే ముందున్నవారికి తిరుగుదారి మూసుకుపోతుంది. కథకు ఇంతకంటే ఉత్కంఠ ఏం కావాలి?

దక్కన్ రిసాలాల్లో, అంటే అశ్వదళాల్లో, సిలాదారు గుర్రాన్ని, జీనును తానే తెచ్చుకుని కొలువులో చేరేవాడు. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యపు రౌతుల్లోనూ ఈ పద్ధతే నడిచింది. స్తోమత ఉన్నవాడు రెండు మూడు గుర్రాలు నిలిపి, గుర్రం లేనివాడిని ఎక్కించేవాడు. అలా ఎక్కినవాడు బార్గీరు. గుర్రం కూలితే సిలాదారు కుటుంబం కూడు పోయినట్టే. అలాంటివాడు తూటాలకు ఎదురెళ్లాలంటే ఎంత తర్జనభర్జన పడాలో ఆలోచించండి. జీతాల పద్దులోంచే పాత్ర పుడుతుంది.

ఇందుకు కావలసిన ముడిసరుకు తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) ఉంది. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పత్రాల్లో ‘అర్జ్-ఒ-చెహ్రా’ అనే హాజరు పట్టీలున్నాయి. రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, ముఖం మీద పుట్టుమచ్చ, గాయపు గుర్తు. కిందనే గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర. తనిఖీ రోజున అద్దె మనుషుల్ని, బక్క గుర్రాల్ని చూపించి జీతాలు కాజేసే మన్సబ్‌దారులను, అంటే హోదాను బట్టి రౌతులను పోషించాల్సిన మొఘల్ అధికారులను, పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. మూడు వందల ఏళ్లు దాటినా ఒక మామూలు రౌతు ముఖం ఆ కాగితంలో కనిపిస్తుంది. రాజుల చిత్రపటాలకు లేని విలువ దీనికి ఉందని మా నమ్మకం.

కానీ ఆ పట్టీలు పారసీకంలో (పర్షియన్ భాషలో) ఉన్నాయి. రిసాలా బజార్, ఫస్ట్ లాన్సర్, ఏసీ గార్డ్స్ అంటూ పాత అశ్వదళాలను గుర్తుచేసే పేటల పేర్లు రోజూ పలికే నగరవాసికి, కథ రాసే యువతకు అవి అందడం లేదు. ఎంపిక చేసిన వంద పట్టీలనైనా తెలుగులోకి అనువదింపజేసి, మూలచిత్రాలతో సహా ఉచితంగా అందుబాటులో ఉంచాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. పారసీకం చదవగల పండితులు తగ్గిపోతున్నారు కనుక జాప్యం తగదు. ఒక్క యుద్ధ సన్నివేశానికి కోట్లు వెచ్చించే చిత్ర పరిశ్రమ కూడా ఈ ఖర్చులో వాటా పంచుకోవాలి. వచ్చే బడ్జెట్‌లోనే నిధులు చూపితే పని మొదలవుతుంది.