గండిపేట కట్ట మీద వదిలేసిన నీళ్ల సీసా గారికి

మహారాజశ్రీ లీటరు నీళ్ల సీసా గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మనం కలిసే గండిపేట వెళ్లాం, గుర్తుందా? కారు డిక్కీలో మీ బంధువులు పన్నెండు మంది, ముందు సీట్లో మా అక్క ఒళ్లో తమరు. పిల్లలకు మంచినీళ్ల చెరువు చూపిద్దామని బయలుదేరాం. చెరువు చూడ్డానికి నీళ్లు కొనుక్కుని పోవడమేమిటని ఒక్కరికీ తోచలేదు. తిరుపతి వెళ్తూ ఇంటి దగ్గర్నుంచి లడ్డూలు కట్టుకుపోయినట్టు!

కట్ట మీద నిలబడి నేను చరిత్ర ఎత్తుకున్నాను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద ఎగువన మూసీకి అడ్డంగా కట్ట లేచింది. 1920కి ఉస్మాన్‌సాగర్, అంటే ఈ గండిపేట చెరువే, తయారు. వరద ఆగింది, ఆగిన నీరు ఊరికి తాగునీరయింది. అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఒకటుంది. ఇక్కడి నీళ్లు మోటారు ఊసే లేకుండా, వాలు పట్టుకుని, ఊళ్లో నీళ్లు వడకట్టే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వాటంతటవే పోతాయి. నీరు పల్లమెరుగు అంటే ఇదీ! ఇప్పుడేమో కృష్ణ, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్ల అవతల నుంచి మోటార్లు పెట్టి ఎక్కించుకుంటున్నాం.

"గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదిలిపోడంటారు" అన్నాను. మా మేనకోడలు మిమ్మల్ని ఎత్తి గటగటా తాగి, "మరి ఇవి తాగితే మామయ్యా?" అంది. మీ ఒంటి మీద వెతికాను. మంచుకొండ బొమ్మ మాత్రం చెయ్యంత ఉంది. ఏ ఊరి బోరో చెప్పే అక్షరాలు చీమ తలకాయంత.

ఇంతలో బావ అవతలి గట్టు చూపించి, "అక్కడ ఫ్లాట్ కొంటే లేక్ వ్యూ!" అన్నాడు. ఈ చెరువుకీ, పక్కనున్న హిమాయత్‌సాగర్‌కీ చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో 69 జీవో వచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తామంది.

"చూడ్డానికి సరే బావా, తాగడానికి?"

"ట్యాంకరొస్తది కదరా, టెన్షనెందుకు?"

ఇక తమరి సంగతి. చివరి రెండు గుక్కలు నేనే తాగి మిమ్మల్ని గోడ మీద నిలబెట్టాను. గాలికి పడ్డారు. రాళ్ల మీద దొర్లుకుంటూ, ఎవరూ దారి చూపకుండానే, తిన్నగా నీళ్లలోకి దిగారు. తమరికీ పల్లం తెలుసన్నమాట. నేను వంగబోతే, "వదిలెయ్‌రా, ఎవరో తీస్తారులే" అన్నాడు బావ. వదిలేశాను.

ఆసిఫ్‌నగర్ చేరగానే ఒక కార్డు ముక్క రాయగలరు. మా వీధి కుళాయి పొద్దున ఐదింటికి వదులుతారు. వీలైతే ఆ దారినే రండి, బిందె పెట్టుకుని కూర్చుంటాం.

ఇట్లు,
చివరి రెండు గుక్కలు తాగినవాడు