బొమ్మ అక్షరానికి శత్రువు కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... తెలుగు మాస్టార్ల గ్రూపు ఏది తెరిచినా ఈమధ్య ఒకటే మెసేజి. "తరగతిలో కామిక్సు పిల్లల చదువుకి చేటు" అని ఆరు కారణాలు, కింద పదిమందికీ పంపమని హుకుం. పంపుతున్నవాళ్లు పిల్లల మేలు కోరేవాళ్లే. కానీ చదవకుండా పంపుతున్నారు. చదివి ఉంటే ఆరో కారణం దగ్గర వేలు ఆగిపోయేది.

మొదటిది: "కామిక్సు చదివితే పిల్లలు నేరస్థులవుతారని అమెరికా డాక్టరు నిరూపించాడు." ఆ డాక్టరు పేరు ఫ్రెడ్రిక్ వెర్థమ్. 1954లో ఆయన రాసిన పుస్తకంతో అక్కడ గగ్గోలు పుట్టింది, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే సెన్సారు పెట్టుకున్నారు. ఆయన కాగితాలు 2010లో పరిశోధకులకి అందుబాటులోకి వచ్చాయి. కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూసి, పిల్లలు చెప్పిన మాటల్ని ఆయన మార్చాడనీ, అడ్డొచ్చినవి వదిలేశాడనీ 2012లో బయటపెట్టారు. ఆ డాక్టర్ని ఇక వదిలేద్దాం.

రెండోది: "బెలూన్లలో (బొమ్మల్లో మనుషుల మాటలు రాసే గుండ్రటి గీతల్లో) వాడుక మాటలుంటాయి, భాష పాడవుతుంది." పర్లాకిమిడి వాళ్లు కూడా ఈ మాట పంపుతుంటే బాధేస్తోంది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరండీ అది! వాడుక మాట చదువులోకి రావాలని పోరాడిన మనిషి, సవర పిల్లలకి సవరలోనే వాచకాలు తయారుచేసిన మనిషి. ఆ ఊళ్లో ఇంకా ఈ వాదన ఏమిటి?

"ఊహాశక్తి చచ్చిపోతుంది" అన్న మూడోదానికి వేరే జవాబు అక్కర్లేదు, కింద అంబలి కథ దగ్గర అదే తేలుతుంది.

నాలుగోది: "సైన్సు లాంటి గట్టి పాఠాలకి పనికిరావు." 3 నుంచి 12 తరగతుల పాఠాలకి ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్ఈ కలిసి 2021లో వందకి పైగా కామిక్సు విడుదల చేశాయి. అంతకు ఎంతో ముందే, 1990ల్లో, బ్రిటన్‌లో బ్రెండా కియో, స్టువర్ట్ నేలర్ సైన్సు పాఠాలకి ఒక్క బొమ్మతో పని జరిపించారు. మంచుబొమ్మకి కోటు తొడిగితే తొందరగా కరుగుతుందా, ఆలస్యంగానా? ఒక్కో పిల్ల ఒక్కో మాట అంటుంది, తరగతి వాదించుకుంటుంది. మన దగ్గర మంచుబొమ్మ బదులు గోనెలో చుట్టిన ఐసు గీయండి. "గోనె వెచ్చన, తొందరగా కరుగుతుంది", "బయటి వేడి లోపలికి పోదు, ఆగుతుంది", "తేడా ఉండదు" అని ముగ్గురు పిల్లలకి మూడు బెలూన్లు. ముగ్గురి ముఖాలూ ఒకేలా ఉండాలి. కళ్లజోడు పిల్లకి సరైన జవాబిస్తే తరగతంతా ఆ పిల్లనే ఎన్నుకుంటుంది, ఆలోచన మొదలుకాదు. తరవాత ఒకే కొలత ఐసు ముక్కలు రెండు తెచ్చి చేసి చూపించాలి. రెండింటినీ ముందు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, ఒకదానికే పొడి గోనె చుట్టండి. గోనె తడిస్తే వేడిని అంతగా ఆపలేదు, ప్రయోగం చెడుతుంది.

ఐదోది ఖర్చు. రంగులు ఎవరడిగారు? ఏ4 కాగితం, నల్ల జెల్ పెన్ను, జిరాక్సు చాలు. పెన్సిలు గీత జిరాక్సులో సరిగా పడదు, నీలం పెన్ను వెలిసిపోతుంది. నీడ కావాలంటే సన్న గీతలే, పెన్సిలుతో రుద్దితే మరకవుతుంది. అంచుల్లో ఒకటిన్నర సెంటీమీటరు వదలకపోతే మిషను మాటని కోసేస్తుంది. ముందు మాటలు రాసి, వాటి చుట్టూ బెలూను గీయాలి. బెలూనే ముందు గీస్తే చివరి మాట పట్టదు. పైగా మన లిపికి కింద వత్తులు, పైన గుడులు. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగిలి, చిన్నపిల్లలకి అదేదో కొత్త అక్షరంలా కనిపిస్తుంది. బెలూనుకి ఎనిమిది, పది మాటలు మించకూడదు. ముందు మాట్లాడేవాళ్ల బెలూను ఎడమవైపు పైన ఉండాలి. వరల్డ్ కామిక్స్ ఇండియా అనే సంస్థ వాళ్లు పల్లెల్లో నేర్పే గోడ కామిక్సూ ఇంతే: ఏ4 కాగితాలు రెండు అతికించి, నలుపు తెలుపుల్లో నాలుగు గళ్లు.

ఇక ఆరోది. "ఇంట్లో ఒడియా, సవర, కువి మాట్లాడే పిల్లలకి అసలు బొమ్మలే చూపకండి. బొమ్మ చూసి కథ చెప్పేస్తారు, అక్షరం నేర్వరు. ముందు అక్షరాలు, ఆ తరవాతే మిగతావి."

ఇందులో ఒక పాలు నిజముంది, ఒప్పుకుంటాను. కూడబలుక్కునే దశలో పిల్లలు బొమ్మ చూసి మాట ఊహిస్తారు. "కుండ" అని రాసి ఉంటే "గిన్నె" అని చదివేస్తారు. మాస్టారు తలూపితే ఆ అలవాటు ముదురుతుంది. దానికి కాగితం మడిచి బొమ్మ కనబడకుండా చేస్తే చాలు, బొమ్మని బడి నుంచే వెళ్లగొట్టాలా? అర్థం తెలియని భాషలో అర్థం తెలియని అక్షరాలు అప్పజెప్పించుకుంటూ పోతే ఆ పిల్ల గొంతెత్తి చదువుతుంది, ఒక్క ముక్కా బుర్రకెక్కదు. "మొద్దు" అనిపించుకుని ఒకరోజు రావడం మానేస్తుంది. ఆ పిల్లకి ఉన్న ఒక్క ఆసరానీ లాగేయమంటోంది ఈ మెసేజి, మనం దండం బొమ్మ తగిలించి మరీ పంపుతున్నాం!

నాలుగు గళ్లు గీయండి. ఒకటి: పొయ్యి మీద చోడి (రాగి) అంబలి, అమ్మమ్మ గరిటె మనవడి చేతికిస్తోంది. రెండు: మనవడు గుమ్మంలోంచి గాలిపటాలు చూస్తున్నాడు. మూడు: పొగ, అమ్మమ్మ ముక్కు మూసుకుంది. నాలుగు: మనవడు కుండ తోముతున్నాడు. బెలూన్లు ఖాళీ.

బొమ్మల్లోవాళ్లు ఏమనుకుంటున్నారో ముందు పిల్లల్ని వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. ఒకడు ఒడియాలో "పోడిగలా" (మాడిపోయింది) అంటాడు. బోర్డు మీద "అడుగంటింది" రాయండి, గరిటె, పొగ, తోముట చేర్చండి. ఒక పూటకి ఆరేడు కొత్త మాటలు చాలు. రెండో రోజు బెలూన్లు నింపిన కాగితం, బొమ్మలు వెనక్కి మడిచి మాటలు మాత్రం చదివించాలి. మడత పడాలంటే మాటలన్నీ గడి పైభాగంలోనే ఉండాలని గీసేటప్పుడే చూసుకోండి. మూడో రోజు గళ్లు కత్తిరించి, కలిపేసి, వరస పెట్టించాలి. వెనక అంకెలు వేయకండి, తిప్పి చూసేస్తారు.

అసలు పని రెండో గడికీ మూడో గడికీ మధ్య ఉంది. అంబలి మాడడం ఎవరూ గీయలేదు. "ఈ మధ్యలో ఏమైంది?" అని అడగండి. మరిచిపోయాడు, మంట పెద్దదైంది, అందుకని అడుగంటింది... చెబుతున్నది పిల్లలే. ఊహ చచ్చిపోతుందన్నవాళ్లు ఆ పూట వచ్చి వెనక బెంచీ మీద కూచోవాలి.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. "అప్పుడు", "అందుకని", "అయినా" లాంటి మాటలు కామిక్సులో తక్కువ. పరీక్షలో ఐదు మార్కుల జవాబుకి కావలసినవి అవే. బెలూన్లు నింపించి ఊరుకుంటే పిల్లలు పేరా రాయలేరు. అందుకే నాలుగో రోజు అదే కథని బొమ్మల్లేకుండా ఎనిమిది వాక్యాల్లో రాయించాలి, గడి మారిన ప్రతిచోటా ఒక కలిపే మాట వచ్చిందా అని చూడాలి.

ఈ నాలుగు గళ్లూ మీ తరగతిలో పెట్టి, ఎక్కడ చెడిందో, ఏ పిల్ల ఏం రాసిందో గ్రూపులో పెట్టండి. అంతవరకూ ఆ ఆరో కారణాన్ని ఇంకెవరికీ పంపకండి మాస్టారూ, దయచేసి.