ఎవరైనా సవాలు చేయగలిగిన కప్పు

ఐస్ హాకీలో అందరూ కోరుకునే స్టాన్లీ కప్ ఎన్‌హెచ్‌ఎల్‌ది, అంటే నేషనల్ హాకీ లీగ్‌ది కాదు. కొన్నది వాళ్లు కాదు, నియమాలు రాసింది వాళ్లు కాదు, ఆ లీగ్ పుట్టడానికి 24 ఏళ్ల ముందు నుంచే ఆ కప్పు కోసం కెనడాలో జట్లు కొట్టుకునేవి. ఇవాళ ఆ కప్పు ఫొటో పక్కన ఎన్‌హెచ్‌ఎల్ పేరు లేకుండా ఎక్కడా కనిపించదు కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. కెనడాలో పిల్లల్ని తెల్లవారకముందే రింక్‌కి, అంటే మంచు మైదానానికి, తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. కానీ ఆ కప్పుకి అంత గౌరవం తెచ్చింది ఏ లీగూ కాదని, ఏ ఊరి జట్టైనా వచ్చి 'మాతో ఆడి గెలవండి చూద్దాం' అనగలిగిన హక్కేనని నేను గట్టిగా నమ్ముతాను. ఆ హక్కు దానంతటదే పోలేదు, మనుషులే తీసేశారు. ఎలా తీసేశారో చెప్పాలంటే అసలు మొదటి నుంచీ రావాలి.

1875 మార్చి 3, మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్. పైకప్పు ఉన్న రింక్‌లో ముందుగా పేపర్లో ప్రకటించి మరీ ఆడిన మొదటి హాకీ మ్యాచ్‌గా చరిత్రలో నిలిచింది ఆ రోజు ఆటే. ఏర్పాటు చేసింది జేమ్స్ క్రైటన్, సొంతూరు నోవా స్కోషియాలోని హాలిఫాక్స్. అక్కడ గడ్డకట్టిన చెరువుల మీద ఈ ఆట అప్పటికే మామూలు. మిక్‌మాక్ ఆదివాసులు చెక్కిన కర్రలు, పక్కనే డార్ట్‌మౌత్‌లో తయారైన స్కేట్లు ఆ ప్రాంతానికి పేరు తెచ్చాయి. అందుకే ఆట మాంట్రియల్‌లో పుట్టిందనడం కన్నా అక్కడ నాలుగు గోడల మధ్యకి వచ్చిందనడం న్యాయం. గోడల మధ్యకి రావడంతో కొన్ని మార్పులు తప్పలేదు. చెరువు మీద పాతిక ముప్పై మంది ఆడినా అడిగేవాళ్లు లేరు, ఇక్కడ జట్టుకి తొమ్మిది మందే. బంతి ఎగిరి జనానికి తగులుతుందని చదునైన చెక్క బిళ్ల వాడారు. ఈనాటి పక్‌కి పూర్వీకురాలు అదే. ఆ రింక్ పొడవు 204 అడుగులు, వెడల్పు 80. ఈనాటి ఎన్‌హెచ్‌ఎల్ రింక్ 200, 85. అంటే డాన్సులకీ షికార్లకీ కట్టిన ఒక హాలు కొలతే ఉత్తర అమెరికాలో ఒక ఆట ఆకారాన్ని నిర్ణయించింది. ఆ రోజు ఆట అయ్యాక మామూలుగా స్కేటింగ్ చేసుకోవడానికి వచ్చినవాళ్లకీ ఆటగాళ్లకీ గొడవై బెంచీలు విరిగాయని కూడా అప్పటి పేపర్లు రాశాయి.

రెండేళ్లకి, 1877లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టు పెట్టింది, మాంట్రియల్ గెజెట్ పత్రికలో నియమాలు అచ్చయ్యాయి. 1883లో మాంట్రియల్ శీతాకాల ఉత్సవంలో తొలి టోర్నమెంట్ జరిగితే మెక్‌గిల్ గెలిచింది. 1886 డిసెంబరులో అమెచ్యూర్ హాకీ అసోసియేషన్ ఆఫ్ కెనడా ఏర్పడింది. పేరులో కెనడా అంతా ఉంది గానీ మొదట్లో చేరినవి ఐదు జట్లు, అందులో నాలుగు మాంట్రియల్‌వే, ఐదోది ఒట్టావా. అందరూ ఇంగ్లిష్ మాట్లాడే, డబ్బూ తీరికా ఉన్న ఇళ్ల కుర్రాళ్లు, బ్యాంకుల్లోనో కాలేజీల్లోనో ఉండేవాళ్లు. ఆ దశ అక్కడితో ఆగిపోయి ఉంటే హాకీ ఒక నగరం క్లబ్బుల ముచ్చటగా మిగిలేది, నేను ఈ వ్యాసం రాసేవాడినే కాదు.

1888లో కెనడా గవర్నర్ జనరల్‌గా వచ్చిన లార్డ్ స్టాన్లీ ఆ మరుసటి చలికాలం మాంట్రియల్‌లో మొదటిసారి ఈ ఆట చూశారు. ఆయన కొడుకులు పిచ్చిపట్టినట్టు ఆడారు, కూతురు ఇసొబెల్ కూడా ఒట్టావాలో అధికార నివాసం రింక్ మీద కర్ర పట్టింది. 1892 మార్చి 18న ఒట్టావాలో జరిగిన ఒక విందులో ఆయన పంపిన ఉత్తరాన్ని చదివి వినిపించారు, దేశం మొత్తానికి ఒక సవాలు కప్పు ఇస్తానని. లండన్‌లో పది గినీలకి (గినీ పాత బ్రిటిష్ డబ్బు) కొన్న వెండి గిన్నె అది, ఎత్తు 18.5 సెంటీమీటర్లే, మన పూజగదిలో ఇమిడిపోతుంది. దాంతోపాటు ఆయన పెట్టిన షరతులు నాకు ఆ వెండి కన్నా విలువైనవిగా కనిపిస్తాయి. గెలిచిన జట్టు తన ఖర్చుతో వెండి పట్టీ మీద పేరు, సంవత్సరం చెక్కించుకోవాలి. ఎన్నిసార్లు గెలిచినా కప్పు ఏ జట్టుకీ సొంతం కాదు. వివాదం వస్తే ట్రస్టీలదే చివరి మాట. ఇద్దరు ట్రస్టీలు, షెరీఫ్ జాన్ స్వీట్‌లాండ్, ఒట్టావా జర్నల్ పత్రిక నడిపిన ఫిలిప్ రాస్. ఈ రాస్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ ఆయన దగ్గరికే రావాలి.

అదే 1888లో మన దేశంలో సిమ్లాలో డ్యూరండ్ కప్ ఫుట్‌బాల్ పోటీ మొదలైంది. అదీ ఒక బ్రిటిష్ అధికారి పేరు మీదే, కానీ మొదట్లో అది సైనిక జట్లకే. స్టాన్లీ కప్ తలుపు అంతకన్నా చాలా వెడల్పుగా తెరిచారు.

1893లో కప్పు మాంట్రియల్ హాకీ క్లబ్‌కి దక్కింది, దక్కడంతోనే పెద్ద గొడవ. కప్పుని క్లబ్ అధ్యక్షుడికి చెప్పకుండా దాని మాతృసంస్థ అయిన అథ్లెటిక్ అసోసియేషన్ చేతికి ఇచ్చారని ఆటగాళ్లు అలిగి, మాకు వద్దన్నారు. దాత స్టాన్లీకి ఆ ఏడాది ఏప్రిల్‌లో అన్న చనిపోవడంతో జులైలోనే ఇంగ్లండ్ వెళ్లిపోవాల్సి వచ్చింది, తన కప్పు కోసం జరిగిన ఒక్క మ్యాచ్ కూడా ఆయన కళ్లారా చూడలేదు. 1895లో ఇంకా విచిత్రం. లీగ్ గెలిచింది మాంట్రియల్ విక్టోరియాస్, కానీ ట్రస్టీలు అంతకుముందే క్వీన్స్ విశ్వవిద్యాలయం సవాలుని పాత విజేత మాంట్రియల్ హాకీ క్లబ్‌తో ఖాయం చేసేశారు. చివరికి మాంట్రియల్ హాకీ క్లబ్ 5-1తో క్వీన్స్‌ని ఓడిస్తే, ఆ మ్యాచ్‌లో అడుగే పెట్టని విక్టోరియాస్‌కి లీగ్ విజేతలుగా కప్పు దక్కింది! వ్యవస్థ ఇంకా తప్పటడుగులు వేస్తోందన్నమాట. అయినా ట్రస్టీలు ఏ లీగ్ చేతిలోనూ లేరు, నాకు ముఖ్యమైన విషయం అది.

ఆ స్వతంత్రత ఎంత పని చేసిందో 1896 ఫిబ్రవరి 14న తెలిసింది. విన్నిపెగ్ విక్టోరియాస్ రెండు వేల కిలోమీటర్లకి పైగా రైల్లో వచ్చి మాంట్రియల్ విక్టోరియాస్‌ని 2-0తో ఓడించారు. కప్పు మాంట్రియల్ దాటడం అదే మొదటిసారి. వాళ్ల గోల్‌కీపర్ వైటీ మెరిట్ కాళ్లకి క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టే మనకి ఈ ఒక్క ముక్క చాలు, ఆ దృశ్యం కళ్లకి కట్టడానికి. ఇటు విన్నిపెగ్‌లో జనం హోటళ్లలో గుమిగూడి టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చే ఒక్కొక్క వార్త కోసం టెన్షన్‌తో ఎదురుచూశారు. ఆ సాయంత్రం నుంచి హాకీ దేశానిదైంది. అదే ఏడాది డిసెంబరులో మాంట్రియల్ వాళ్లు విన్నిపెగ్ వెళ్లి 6-5తో కప్పు తిరిగి తెచ్చుకున్నారు, అదీ మరో గొప్ప మ్యాచ్.

ఇక డాసన్ సిటీ కథ. బంగారం కోసం జనం ఎగబడిన క్లోండైక్‌లో, ఆర్కిటిక్ వలయానికి దగ్గర్లోని ఊరు. 1904 డిసెంబరులో అక్కడి జట్టు ఒట్టావా మీద సవాలు విసిరి బయల్దేరింది. కొందరు నడిచి, కొందరు సైకిళ్ల మీద, కొంత దూరం కుక్కలు లాగే బండ్ల మీద వైట్‌హార్స్ దాకా, తర్వాత రైలు, ఓడ, మళ్లీ రైలు, మొత్తం 6,400 కిలోమీటర్లు. ఓడ దగ్గర రోజులు వృథా అయ్యాయి. జనవరి 11న ఒట్టావా చేరితే 13నే మ్యాచ్. వాయిదా అడిగినా ఒట్టావా ఒప్పుకోలేదు. మొదటి మ్యాచ్ 9-2, రెండోది 23-2. ఆ రెండో మ్యాచ్‌లో ఒట్టావా కుర్రాడు ఫ్రాంక్ మెగీ ఒక్కడే 14 గోల్స్ కొట్టాడు, అదీ ఒక కన్ను పోయినవాడు. అతను 1916 సెప్టెంబరులో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర పోరులో చనిపోయాడు, సమాధి ఎక్కడుందో కూడా తెలియదు.

చాలామంది ఈ 23-2 చూసి, సవాలు పద్ధతి ఎంత అర్థంలేనిదో చూడండి, అనామకులు వచ్చి తన్నులు తిని పోయారు అంటారు. నేను ఒప్పుకోను. పద్ధతిలో అన్యాయం ఉంది, నిజమే. కప్పు ఉన్నవాడు తన ఊళ్లో, తన మంచు మీద హాయిగా కూర్చుంటాడు, ప్రయాణమంతా వచ్చేవాడిదే. కానీ ఆ కుర్రాళ్లు మూడు వారాలకి పైగా ఎముకలు కొరికే చలిలో దేనికోసం వచ్చారు? డబ్బు కోసమైతే కాదు. గెలిచినవాళ్ల చేతిలో ఉంటే అది పది గినీల గిన్నె, డాసన్ నుంచి మంచులో నడిచొచ్చిన వాళ్లు దాన్ని స్టాన్లీ కప్ చేశారు. ఓడినవాళ్ల వల్ల విలువ పెరిగిన బహుమతి ఇంకోటి నాకు చటుక్కున గుర్తురావడం లేదు.

పైగా వచ్చినవాళ్లంతా ఓడిపోలేదు. రాట్ పోర్టేజ్ అనే చిన్న ఊరు, తర్వాత కెనోరా అని పేరు మార్చుకుంది, కొన్ని వేల జనాభా. అక్కడి థిజిల్స్ జట్టు రెండుసార్లు ఒట్టావా చేతిలో ఓడి, 1907 జనవరిలో మూడోసారి వచ్చి మాంట్రియల్ వాండరర్స్‌ని రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. ఆ కప్పు గెలిచిన అతి చిన్న ఊరు ఇప్పటికీ అదే. ఎక్కువమంది ఒకే ఊళ్లో కలిసి పెరిగినవాళ్లు, ఆర్ట్ రాస్ అనే ఆటగాడిని (ట్రస్టీ రాస్ వేరు) మాత్రం బ్రాండన్ జట్టు నుంచి అరువు తెచ్చుకున్నారు. రెండు నెలలకే వాండరర్స్ కప్పు వెనక్కి పట్టుకుపోయారు, అయితేనేం.

ఇంత పొగిడాక ఒకటి దాచకూడదు. 'ఎవరైనా' అన్న మాటలో నిజంగా అందరూ లేరు. 1895 నాటికే హాలిఫాక్స్‌లో నల్లజాతి బాప్టిస్టు చర్చిల పెద్దలు తమ యువకుల కోసం సొంత లీగ్ మొదలుపెట్టారు. హాలిఫాక్స్ యురేకాస్, ఆఫ్రిక్‌విల్ సీసైడ్స్, డార్ట్‌మౌత్ జూబిలీస్ లాంటి జట్లు. మిగతా లీగ్‌ల్లో గోల్‌కీపర్ నిలబడే ఆపాలి, మంచు మీదికి వాలితే శిక్ష, ఇక్కడ మాత్రం పడి, దొర్లి ఆపేవాళ్లు. ఎన్‌హెచ్‌ఎల్ ఆ స్వేచ్ఛ ఇచ్చింది 1918లో. అంత వేగంగా, అంత కొత్తగా ఆడిన ఆ జట్లు స్టాన్లీ కప్ కోసం ఒక్కసారైనా ఆడలేదు. ఆఫ్రిక్‌విల్ ఊరినే 1960ల్లో నగరపాలక సంస్థ కూల్చేసింది. ఇసొబెల్ స్టాన్లీ తండ్రి ఇచ్చిన కప్పులో ఆడపిల్లలకీ చోటు లేదు. తలుపు వెడల్పే గానీ దాని ముందు నిలబడే అర్హత ఎవరికన్నది చాలామందికి చెప్పకుండానే తెలుసు. ఆ కాలాన్ని ప్రేమించేవాళ్లు ఈ సంగతి కూడా పక్కనే పెట్టుకుని మాట్లాడాలి.

తలుపు మూసుకోవడం డబ్బుతో మొదలైంది. 1904లో అమెరికాలో మిషిగన్ రాగి గనుల ఊళ్ల ఆధారంగా బాహాటంగా జీతాలిచ్చే లీగ్ వచ్చింది, కెనడా ఆటగాళ్లు అటు వెళ్లడం మొదలైంది. వాళ్లని ఆపాలంటే ఇక్కడా జీతం ఇవ్వాల్సిందే, 1906లో తూర్పు జట్లు ఒప్పుకున్నాయి. ఆటగాడు డబ్బు తీసుకోవడం నాకు తప్పుగా తోచదు, టికెట్ల డబ్బు ఎవరో ఒకరి జేబులోకి పోతున్నప్పుడు చెమటోడ్చినవాడికి రాకపోవడమే అన్యాయం. జీతం లేకుండా ఆడే అమెచ్యూర్‌ల కోసం వేరే అలన్ కప్ పెట్టారు, స్టాన్లీ కప్ ప్రొఫెషనల్స్ వైపు వెళ్లింది. 1909 డిసెంబరులో నేషనల్ హాకీ అసోసియేషన్, దాంతోపాటే మాంట్రియల్ కెనడియన్స్ పుట్టాయి. రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరు గనుల డబ్బుతో సైక్లోన్ టేలర్ అనే ఆటగాడికి ఒక్క సీజన్‌కి 5,250 డాలర్లు ఇచ్చిందన్నది అప్పట్లో దేశమంతా చెప్పుకున్న మాట. అంత ఖర్చు పెట్టీ రెన్‌ఫ్రూ కప్పు గెలవలేదు.

అసలు దెబ్బ జీతాలు కాదు, తర్వాత చేసుకున్న ఒప్పందాలు. పసిఫిక్ తీరంలో హాకీ ఆటగాళ్లైన ప్యాట్రిక్ సోదరులు కృత్రిమ మంచు రింక్‌లు కట్టి సొంత లీగ్ పెట్టాక, తూర్పు లీగ్, పడమటి లీగ్ విజేతలు మాత్రమే కప్పు కోసం ఆడేలా మాట్లాడుకున్నారు. 1914 తర్వాత ఊరి సవాలు అన్నదే లేదు. 1917 నవంబరులో తూర్పు యజమానులు తమలో నచ్చని టొరంటో యజమానిని వదిలించుకోవడానికి పాత సంఘాన్ని పక్కకి తోసి ఎన్‌హెచ్‌ఎల్ పెట్టుకున్నారు. పడమటి లీగ్ 1926లో చేతులెత్తేసింది. అంతే, ఎదురు లేని ఇల్లొకటే మిగిలింది.

అయినా కాగితం మీద కప్పు ట్రస్టీలదే. స్వీట్‌లాండ్ ఎప్పుడో 1907లో పోయారు, రాస్ మాత్రం ఉన్నారు. లార్డ్ స్టాన్లీ స్వయంగా నియమించిన ఆ మనిషి 1947లో, 89 ఏళ్ల వయసులో, మరో ట్రస్టీ కూపర్ స్మీటన్‌తో కలిసి కప్పు మీద అధికారాన్ని ఎన్‌హెచ్‌ఎల్‌కి అప్పగిస్తూ సంతకం చేశారు. రెండేళ్లకి చనిపోయారు. ఆయన్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. అరవై ఏళ్లకి దగ్గరగా జీతం లేకుండా ఒక గిన్నెని కాపాడిన మనిషి, చుట్టూ చూస్తే ఇంకో లీగే లేదు. కానీ ఏ జట్టుకీ సొంతం కాకూడదన్న షరతు రాసినాయన ఒక లీగ్‌కి సొంతం కావచ్చని అనుకుని ఉంటాడా? షరతు అక్షరం నిలిచింది, ఉద్దేశం పోయింది. ఆ రోజు రాస్ ఇంకో గడప ఒక్కటి మిగిల్చి ఉండాల్సింది, పదేళ్లకోసారైనా బయటి జట్టుకి ఒక సవాలు.

2004-05లో యజమానులకీ ఆటగాళ్లకీ జీతాల తగవొచ్చి ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. టొరంటోలో సరదాకి ఆడుకునే కొందరు కోర్టుకెక్కారు, కప్పు మీది కాదు, దేశానిది, మీరు ఆడకపోతే ఇంకెవరికైనా ఇవ్వండి అని. 2006లో రాజీ కుదిరింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆడని ఏడాది కప్పుని బయటి జట్టుకి ఇచ్చే అధికారం ట్రస్టీలకి ఉందని ఒప్పుకున్నారు, ఇచ్చి తీరాలని మాత్రం లేదు. 2005కి ఏ జట్టుకీ ఇవ్వలేదు. స్టాన్లీ మీ ఖర్చుతో జట్టు పేరు చెక్కించుకోండన్న ఆ కప్పు మీద, ఆ ఏడాది దగ్గర, సీజన్ జరగలేదని చెక్కి ఉంది.