తూకానికి వెళ్లిన మా కాలేజీ

గత నెల నల్లగొండలో నేను డిగ్రీ చదివిన కాలేజీకి వెళ్లి ఒక్కటే అడిగాను: 1979–80 వార్షిక సంచిక చూపించమని. గ్రంథాలయంలోని కుర్రవాడు మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాడు: "పాతవన్నీ తూకానికి వేసేశారు సార్." పక్క గదిలో మాత్రం కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం కోసం తయారుచేసిన ఫైళ్లు, రంగురంగుల లేబుళ్లతో, పైకప్పును తాకుతున్నాయి.

ఆ సంచికలో అంతగా ఏముంది అంటారా? 1980 ఫిబ్రవరి 16, శనివారం ఉంది. ఆరోజు సంపూర్ణ సూర్యగ్రహణం మన నెత్తిమీదుగా సాగింది. హైదరాబాద్ దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాల ముందు కూర్చుంటే, ఊళ్లో జనం తలుపులు బిగించుకుని, గర్భిణులను చీకటి గదుల్లో దాచారు. మా ఫిజిక్స్ లెక్చరర్ ఎనిమిదిమందిని మేడ ఎక్కించి, అట్టకు సూదితో రంధ్రం పొడిచి, తెల్లకాగితం మీద సూర్యుడు కొడవలిలా సన్నబడటం చూపించారు. నాలుగు గంటలు కాకముందే చీకటి పడింది. కాకులు చెట్లకు చేరాయి, పైన శుక్రుడు మెరిశాడు. కింద వీధిలో ఒక్క మనిషి లేడు. దాన్ని మాలో ఒకడు మూడు పేజీలు రాశాడు. అంతకుముందు ఏడాది జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన మీదే పడుతుందని కోళ్లు, మేకలు కోసుకు తిన్నవాళ్ల గురించి గోడపత్రికలో వెక్కిరింతగా రాసింది కూడా వాడే. ఆ శకలాలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. వాళ్ల ఇంట్లోనూ ఒక పుంజు అయిపోయిందని మాకు తర్వాత తెలిసింది.

ఇంకొక వ్యాసం ఫ్లోరైడ్ నీటి గురించి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి అది, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. కెమిస్ట్రీ గదిలో బకెట్లతో చేసి చూపించి, రైతుకు అర్థమయ్యే తెలుగులో రాశారు. ఆ పద్ధతిని ప్రపంచం నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. వంకరపోయిన కాళ్ల పక్కన బతికిన మాకు అది పాఠ్యాంశం కాదు, ఊరి వార్త.

ఆటల పేజీ నాది. అప్పట్లో వాలీబాల్‌లో సర్వీసు మన చేతిలో ఉంటేనే పాయింటు. స్కోరు కదలక ఒక్కో ఆట గంట సాగేది. మహబూబ్‌నగర్ జట్టుతో మూడో ఆట 13–15తో ఓడిపోయాం. అంపైరుతో గొడవపడి మనవాళ్లే ఏకాగ్రత పోగొట్టుకున్నారని రాశాను. కెప్టెన్ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. లెక్చరర్ ఆ వార్త తీయనివ్వలేదు. "నువ్వూ రాయి, పక్కనే వేద్దాం" అన్నారు. అతడు రాశాడు, రెండూ అచ్చయ్యాయి.

నాటకం సంగతి తక్కువే చెప్పాలి. ఆడవేషం వేసినవాడి మీసం చెమటకు రంగు కారి బయటపడింది. విమర్శకుడు దాన్నీ వదలలేదు.

అదంతా స్వర్ణయుగం అనను. అమ్మాయిల టెన్నికాయిట్ ఫలితాలకు మేం ఇచ్చింది ఒకే వాక్యం. గెలిచినవారి పేర్లు కూడా లేవు. సిగ్గుపడాల్సిన విషయమే, ఆ సిగ్గుకు సాక్ష్యం కూడా తూకానికి వెళ్లింది.

ఇప్పుడు కాలేజీ వార్త అంటే ర్యాంకుల ఫ్లెక్సీ, ముఖ్య అతిథికి శాలువా కప్పే ఫోటో. ఎవరు ఎందుకు ఓడారో, ఏ నాటకం విసుగు పుట్టించిందో రాసే విద్యార్థి ఎక్కడున్నాడు? ఉన్నా రాయనిస్తారా? నాకు కోపం కాగితాలు అమ్మినందుకే కాదు. అమ్మేముందు ఒక్కరు కూడా తెరిచి చూడలేదు. కనీసం ఫోనుతో ఫోటోలు తీసి ఉంచినా పోయేదేమీ లేదు.

మీ ఇంటి అటకల మీద పాత కాలేజీ సంచికలుంటే చెప్పండి, నేనే వచ్చి ఫోటోలు తీసుకుంటాను. మాది ఒక ప్రతి ఆ వాలీబాల్ కెప్టెన్ దగ్గర ఉందట. అడగమని స్నేహితులు అంటున్నారు. నేనింకా ఫోన్ చేయలేదు.