స్టెంటు ధర తగ్గింది, అసలు ప్రశ్న అలాగే ఉంది

మా పక్కింటి పెద్దాయనకు ఏడాదిగా ఎక్కువ దూరం నడిస్తే ఛాతీ బిగబట్టినట్టు ఉండేది, కూర్చుంటే తగ్గేది. మొక్కు ఉందని అలిపిరి నుంచి మెట్లెక్కి, గాలిగోపురం చేరకుండానే వెనుదిరిగారు. వారం తర్వాత తిరుపతిలోనే ఒక ఆస్పత్రిలో యాంజియోగ్రామ్, అంటే గుండె నాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్-రే, తీశారు. ఆయన ఇంకా బల్ల మీద ఉండగానే డాక్టరు కొడుకును లోపలికి పిలిచి, తెర మీద గుండె నాళం సన్నబడిన చోటును పెన్నుతో చూపించి, ‘ఎనభై శాతం బ్లాకు, ఇప్పుడే స్టెంటు వేసేద్దామా?’ అన్నారు. స్టెంటంటే సన్నబడిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు వల గొట్టం. ఆలోచించుకోవడానికి అయిదు నిమిషాలు. ఆ కాసేపట్లో వద్దనగలిగే కొడుకు ఏ ఊళ్లో ఉంటాడు?

అడగాల్సింది ఒక్కటే: ఇది గుండెపోటా, కాదా? గుండెపోటులో నాళం గోడలోని కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. ఆస్పత్రి చేరిన 90 నిమిషాల్లోపు బెలూన్‌తో తెరిచి స్టెంటు వేస్తే గుండె కండరం దక్కుతుంది. అక్కడ తటపటాయించడమే తప్పు.

నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే నొప్పి సంగతి వేరు. 2019లో ఫలితాలు వెల్లడైన ఇస్కీమియా అధ్యయనంలో, గుండెజబ్బు నిలకడగా ఉన్న 5,179 మంది పాల్గొన్నారు. ముందుగానే స్టెంటో బైపాసో చేసినవారికీ, మందులతో మొదలుపెట్టినవారికీ మరణాల్లో గానీ గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తరచూ నొప్పి వచ్చేవారికి మాత్రం స్టెంటుతో ఉపశమనం ఎక్కువ. అది చిన్న విషయమేమీ కాదు. ఎడమ ప్రధాన నాళంలో పెద్ద అడ్డంకి ఉన్నవారిని ఇందులో చేర్చలేదు, వారి లెక్క వేరు.

మనం మాత్రం గుండె నాళాన్ని వంటింటి తూములా ఊహించుకుంటాం: పుల్ల పెట్టి పొడిస్తే సరి! స్టెంటు కాపలా కాసేది రెండు మూడు సెంటీమీటర్ల మేరకే. రేపు చిట్లేది పక్కనున్న చిన్న పొరే కావచ్చు. నాళాలన్నిటికీ పనికొచ్చేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, బీడీ మానడం.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు లక్ష దాటేది. ధర మీద అంత చర్చ జరిగింది గానీ అవసరం మీద ఎవరూ నోరెత్తలేదు. ఆరోగ్యశ్రీలో ఉచితమైతే అసలే అడగం.

పెద్దాయనకు స్టెంటు వేశారు. మూడు నెలల తర్వాత చూడబోతే ఆస్పత్రి కాగితాన్ని, దాని మీది స్టెంటు స్టిక్కరుతో సహా, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచారు. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోవాల్సిన క్లోపిడోగ్రెల్ మాత్రలు మాత్రం సగం అట్టలోనే ఉన్నాయి. ‘బ్లాకు తీసేశారు కదయ్యా, ఇంక మాత్రలెందుకు?’ అన్నారు.